ముప్పై దాటాక లైన్ మారడం: కోర్సులో చేరకముందు, రిజైన్ చెయ్యకముందు, చేశాక

ముప్పై దాటాక వేరే లైన్‌లోకి వెళ్దామనుకునే వాళ్లు ఎవరైనా సరే మొట్టమొదట అడిగేది "ఏ కోర్సు చేస్తే బాగుంటుంది?" అనే. అది అడగాల్సిన ప్రశ్నే గానీ నాలుగోదో ఐదోదో కావాలి, మొదటిది కాకూడదు. అమీర్‌పేటలో మైత్రివనం దగ్గర కాసేపు నిలబడితే చాలు, చేతి నిండా పాంప్లెట్లు పెడతారు, ప్రతిదాంట్లోనూ "100 శాతం జాబ్ అసిస్టెన్స్" అని ఉంటుంది (అసిస్టెన్స్ అంటే జాబ్ కాదని ఫీజు కట్టాక అర్థమవుతుంది). మూడు నెలలు కూర్చుని కోర్సు పూర్తిచేసి బయటికొస్తే, నిన్నగాక మొన్న బీటెక్ అయిన పిల్లలతో, వాళ్లకిచ్చే జీతానికే పోటీ పడాలి. అప్పటిదాకా చేసిన ఎనిమిదేళ్ల పని ఎవరికీ పట్టదు. కొందరికి అదే సరైన దారి కావచ్చు, కానీ ఇంటి అప్పో, పిల్లల స్కూలు ఫీజో ఉన్నవాళ్లకి అంత కిందికి దిగి మొదలుపెట్టడం అక్కర్లేని కష్టం.

అందుకే ఇది ఉద్యోగం చేస్తూనే మారాలనుకునే వాళ్ల కోసం. విషయం గాల్లో తేలకుండా ఒక మనిషిని ఉదాహరణగా పెట్టుకుందాం: ఇంటర్ కార్పొరేట్ కాలేజీలో ఎనిమిదేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్న లెక్చరర్, వయసు 33, ఇద్దరు పిల్లలు, సొంత ఊరు గుంటూరు దగ్గర, ఉండేది హైదరాబాద్‌లో. మీరు బ్యాంకు సేల్స్‌లో ఉన్నా, ఫార్మా ప్లాంటులో షిఫ్టులు చేస్తున్నా, బీపీఓలో ఉన్నా పద్ధతి ఇదే.

అసలు ఏది పడట్లేదో తేల్చుకోండి

"ఈ ఉద్యోగం నావల్ల కాదు" అనేదాంట్లో నాలుగైదు వేర్వేరు బాధలు కలిసిపోయి ఉంటాయి. పాఠం చెప్పడమే విసుగొచ్చిందా, లేక రాత్రి స్టడీ అవర్లా, ఆదివారం కూడా పరీక్షలా, ప్రిన్సిపాల్ మాటలా, జీతం పెరగకపోవడమా? ఒక రెండు వారాలు రోజూ పడుకునే ముందు ఆ రోజు ఏ పని చేస్తుంటే టైం తెలియలేదో, ఏ పని చేస్తుంటే తల బద్దలైందో ఫోన్‌లో రెండు లైన్లు రాసి పెట్టుకోండి. పాఠం బానే ఉంది, చుట్టూ ఉన్న తలనొప్పే పడట్లేదు అని తేలితే మీకు కావాల్సింది లైన్ మార్పు కాదు, వేరే సంస్థ. చాలామందికి తేలేది ఇదే, పైగా ఇది ఎంతో సులువైన పని. ఈ గైడ్‌లో రెజ్యూమె దగ్గర నుంచి చదువుకుంటే వాళ్లకి సరిపోతుంది.

రెండూ ఒకేసారి మార్చొద్దు

ఉద్యోగంలో రెండు ముక్కలుంటాయి: మీరు చేసే పని, ఆ పని జరిగే రంగం. ఒకసారికి ఒకటే మార్చండి. ఫిజిక్స్ లెక్చరర్ నేరుగా బ్యాంకులో డేటా అనలిస్ట్ అవ్వాలంటే పనీ కొత్తే, రంగమూ కొత్తే, అలాంటప్పుడు మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలో అవతలివాళ్లకి ఒక్క కారణమూ కనపడదు. అదే లెక్చరర్ ఎడ్‌టెక్ (ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే) కంపెనీలో కంటెంట్, అంటే పాఠాల తయారీ వైపు వెళ్తే విద్యారంగమే కాబట్టి సబ్జెక్టు మీద పట్టు ఉంది, పని మాత్రమే కొత్త. లేదా ఐటీ కంపెనీ ట్రైనింగ్ విభాగానికి వెళ్తే నేర్పించడం పాతదే, రంగం కొత్త. అక్కడ రెండేళ్లు చేశాక రెండో ముక్క మార్చుకోవచ్చు. టైం ఎక్కువ పడుతుంది నిజమే, కానీ జీతం నేలకు పడదు.

మిగతావాళ్లకీ ఇలాంటి పక్కదారులు ఉన్నాయి. బీఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదివి ప్లాంటులో ఉన్నవాళ్లు ఫార్మకోవిజిలెన్స్‌కి (మందుల దుష్ప్రభావాల మీద నిఘా), మెడికల్ కోడింగ్‌కి (రోగుల రికార్డుల్ని బిల్లుల కోసం కోడ్‌లుగా మార్చడం) మారుతుంటారు, హైదరాబాద్‌లో రెండింటికీ కంపెనీలు బాగానే ఉన్నాయి. బ్యాంకు బ్రాంచిలో అకౌంట్లు ఓపెన్ చేసినవాళ్లకి కేవైసీ, మనీ లాండరింగ్ తనిఖీల పనులు తొందరగా ఒంటబడతాయి, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు ఉన్న విదేశీ బ్యాంకుల ఆఫీసుల్లో ఆ టీములు పెద్దవి. మెకానికల్ వాళ్లకి షాప్‌ఫ్లోర్ నుంచి క్వాలిటీ, సప్లయ్ చైన్. కాల్ సెంటర్ వాళ్లకి కస్టమర్ సక్సెస్ (కొన్నవాళ్లు వదిలిపోకుండా చూసుకునే పని), ట్రైనింగ్, వర్క్‌ఫోర్స్ ప్లానింగ్. అందరూ కోడింగే నేర్చుకోవాలని ఎక్కడా రాసిలేదు.

ప్రకటనలు చదవడమే అసలు హోంవర్క్

ఒక పాత్ర అనుకున్నాక నౌక్రీలోనూ లింక్డ్‌ఇన్‌లోనూ దానికి సంబంధించిన ప్రకటనలు పాతిక ముప్పై తెరిచి ఎక్సెల్ షీట్‌లో పెట్టండి. కంపెనీ, అడిగిన అనుభవం, అడిగిన నైపుణ్యాలు, ఊరు. ఇది చేస్తుంటే చిరాకొస్తుంది, అయినా చెయ్యండి. చివరికి ఏ మాటలు మళ్లీ మళ్లీ వస్తున్నాయో లెక్క తేలుతుంది. మన లెక్చరర్ "ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్" (కంప్యూటర్‌లో నేర్చుకునే పాఠాల్ని రూపొందించేవాళ్లు) అని వెతికితే స్టోరీబోర్డింగ్ (పాఠాన్ని తెర తెరగా ముందే కాగితం మీద పేర్చడం), ఆర్టిక్యులేట్ స్టోరీలైన్ (ఆ పాఠాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్), ఎల్ఎంఎస్ (పాఠాలు పెట్టే ఆన్‌లైన్ వేదిక), ఇంగ్లిష్ రాత అనేవి పదేపదే కనపడతాయి. అందులో రాత, పాఠాన్ని వరసగా పేర్చడం ఆయనకి ఉన్నవే, లేనిది ఒక సాఫ్ట్‌వేర్. ఇప్పుడు అడగాలి, ఏ కోర్సు అని. జవాబు కూడా చిన్నదే వస్తుంది, లక్ష రూపాయల కోర్సు కాదు, ఆ సాఫ్ట్‌వేర్ ట్రయల్ వెర్షనూ యూట్యూబూ నెల రోజుల సాయంత్రాలూ.

ఇంకో సంగతి, ప్రకటనలో అడిగిన పదింటిలో ఆరేడు ఉంటే అప్లై చెయ్యండి. పదికి పది ఉన్నవాడు ఆ ఉద్యోగమే ఇప్పటికే చేస్తుంటాడు, వాడికి మారాల్సిన అవసరం ఏముంది?

ఆ పని చేస్తున్నవాళ్లతో మాట్లాడండి, ఉద్యోగం అడగకండి

మీ కాలేజీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో, బంధువుల్లో, లింక్డ్‌ఇన్‌లో ఆ పని చేస్తున్నవాళ్లు ఒకరిద్దరైనా దొరుకుతారు. "అన్నా, ఏదైనా ఉంటే చూడవా" అని రెజ్యూమె పంపితే వాళ్లు "ష్యూర్" అని థంబ్స్‌అప్ పెట్టి మర్చిపోతారు, వాళ్ల తప్పేం లేదు, రోజుకి అలాంటివి చాలా వస్తాయి. దాని బదులు ఇలా పెట్టి చూడండి: "అన్నా, నేను ఎనిమిదేళ్లుగా ఇంటర్‌కి ఫిజిక్స్ చెబుతున్నాను. ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ వైపు రావాలని చూస్తున్నాను. మీ పని రోజూ ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఉంది, ఈ శనివారమో ఆదివారమో పావుగంట మాట్లాడొచ్చా?" దీనికి జవాబిచ్చేవాళ్లు ఎక్కువ. ఫోన్‌లో మూడు అడగండి: రోజులో ఎక్కువ సేపు ఏం చేస్తారు, ఈ పనిలో చెత్త భాగం ఏది, బయటి రంగం నుంచి వచ్చినవాళ్లని మీ టీములో ఎప్పుడైనా తీసుకున్నారా. మూడోదానికి వచ్చే జవాబే మీకు ముఖ్యం.

ఆ పరిచయమే తర్వాత రెఫరల్ అవుతుంది. చాలా కంపెనీల్లో రెఫర్ చేసి మనిషి చేరితే ఉద్యోగికి బోనస్ ఇస్తారు, కాబట్టి మొహమాటపడకండి, వాళ్లకీ లాభమే. రెఫర్ చెయ్యమని అడిగేటప్పుడు జాబ్ ఐడీ, రెజ్యూమె, మీరెందుకు సరిపోతారో మూడు లైన్లు మీరే రాసి ఇచ్చేయండి, వాళ్లు కాపీ చేసి పెట్టుకుంటే చాలేలా.

చేసి చూపించేది ఒకటి ఉండాలి

సర్టిఫికెట్ కంటే చేసిన పని గట్టిగా మాట్లాడుతుంది. లెక్చరర్ అయితే న్యూటన్ మూడో నియమం మీద ఐదు నిమిషాల ఇంటరాక్టివ్ పాఠం తయారుచేసి లింకు పెట్టుకోవచ్చు. సప్లయ్ చైన్‌కి వెళ్లేవాళ్లు తమ ప్లాంటులోని స్టాకు సమస్యని, పేర్లూ అంకెలూ మార్చేసి, రెండు పేజీల్లో రాసుకోవచ్చు. ఉన్న కంపెనీ డేటా మాత్రం బయటికి తీసుకురావద్దు, ఇంటర్వ్యూలో "ఇక్కడి డేటా కూడా ఇలాగే పట్టుకుపోతాడు" అనిపిస్తుంది.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోమని చెప్పేవాళ్లు తప్పకుండా తగులుతారు. "అందరూ పెట్టేదే, వెరిఫికేషన్ మేం చూసుకుంటాం" అంటారు. మీ యూఏఎన్ (పీఎఫ్ ఖాతాలన్నిటికీ కలిపి ఉండే నంబరు) కింద ఏ కంపెనీలో ఏ నెల నుంచి ఏ నెల దాకా పీఎఫ్ కట్టారో అంతా ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు చాలాచోట్ల మొదట అడిగేది అదే. చేరిన ఆరు నెలలకి బయటపడినా తీసేస్తారు, కొన్ని పెద్ద కంపెనీలు మళ్లీ రాకుండా బ్లాక్‌లిస్టులో పెడతాయి. చేసిన ఎనిమిదేళ్లు నిజంగా చేసినవే కదా, వాటినే సరిగ్గా చెప్పుకుందాం.

రెజ్యూమె, నౌక్రీ

రెండు పేజీలు. తండ్రి పేరు, పాస్‌పోర్టు నంబరు, ఫొటో, చివర్లో "పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అనే పాత డిక్లరేషన్, ఇవన్నీ తీసెయ్యండి. పైన నాలుగు లైన్లలో ఎటు వెళ్లాలనుకుంటున్నారో, దానికి మీ దగ్గర ఏముందో రాయండి. ఆ తర్వాత చేసిన పనిని అవతలి రంగం వాళ్ల భాషలోకి మార్చాలి, అబద్ధం లేకుండా. "సీనియర్ ఇంటర్ విద్యార్థులకు ఫిజిక్స్ బోధించాను" అని ఉన్నదాన్ని ఇలా మార్చుకోవచ్చు: "ఏటా నాలుగు సెక్షన్లకు పాఠ్యప్రణాళిక రూపొందించాను, వారపు పరీక్షల్లో ఎక్కువమంది తప్పుచేసిన ప్రశ్నల్ని విడదీసి ఆ అంశాలకు కొత్త మెటీరియల్ రాశాను, ఇద్దరు జూనియర్ లెక్చరర్లకు శిక్షణ ఇచ్చాను." మొదటిది చదివితే టీచర్ కనపడతాడు, రెండోది చదివితే కంటెంట్ మనిషి కనపడతాడు. మనిషి ఒకడే.

నౌక్రీ గురించి ఒకటి తెలుసుకోవాలి. రిక్రూటర్ మీ రెజ్యూమెని చదవడు, వెతుకుతాడు. కీవర్డ్, ఊరు, అనుభవం, జీతం, నోటీస్ పీరియడ్ అన్నీ ఫిల్టర్లే. మీ ప్రొఫైల్ హెడ్‌లైన్‌లో "ఫిజిక్స్ లెక్చరర్" అని మాత్రమే ఉంటే లెక్చరర్ ఉద్యోగాలకే ఫోన్లు వస్తాయి. ఇందాకటి ఎక్సెల్‌లో ఎక్కువసార్లు వచ్చిన మాటల్లో మీకు నిజంగా వచ్చినవాటిని హెడ్‌లైన్‌లో, స్కిల్స్‌లో పెట్టండి. ప్రొఫైల్‌ని అప్పుడప్పుడూ ఏదో ఒక చిన్న మార్పుతో అప్‌డేట్ చేస్తూ ఉంటే ఈమధ్య యాక్టివ్‌గా ఉన్నవాళ్లలో కనపడతారు. ప్రస్తుత కంపెనీకి మీ ప్రొఫైల్ కనపడకుండా బ్లాక్ చేసుకునే సెట్టింగ్ ఉంది, అది ముందే పెట్టుకోండి.

ఇంటర్వ్యూ, జీతం

"ఎందుకు మారుతున్నారు?" అని అడగని ఇంటర్వ్యూ ఉండదు. పాత సంస్థని తిట్టకుండా, జాలి కథ చెప్పకుండా, రెండు నిమిషాల్లో అయిపోవాలి: ఇన్నేళ్లు ఇది చేశాను, అందులో ఈ భాగం బాగా చేశాను, దాన్నే పూర్తిస్థాయిలో చెయ్యాలని ఇటు వస్తున్నాను, అందుకోసం ఇదిగో ఇది తయారుచేశాను. గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో ప్రిపేర్ అవుతూ గ్యాప్ వచ్చినవాళ్లు దాచొద్దు, "రెండేళ్లు గ్రూప్ 2కి ప్రిపేర్ అయ్యాను, రాలేదు, ఇప్పుడు ఇటు వచ్చాను" అంటే అయిపోతుంది. మన రాష్ట్రాల్లో అలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో ఇక్కడి హెచ్‌ఆర్ వాళ్లకి తెలియనిదేమీ కాదు. తెలుగు మీడియం వాళ్లు ఇంగ్లిష్ గురించి టెన్షన్ పడేది ఎక్కువగా గ్రామర్ వల్ల కాదు, ఆ వాక్యాలు ఎప్పుడూ నోటితో అనకపోవడం వల్ల. ఈ నాలుగైదు జవాబుల్ని ఫోన్‌లో రికార్డు చేసుకుని విని, మళ్లీ చెప్పండి, సిగ్గుగా ఉన్నా సరే.

జీతం దగ్గర చాలామంది సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) చూసి మోసపోతారు. 8 లక్షలంటే నెలకి 66 వేలు అనుకుంటాం. కాగితం మీద పెట్టి చూడండి. బేసిక్ సగం, అంటే 4 లక్షలు. కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం చొప్పున 48,000, గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి చేసి మానేసినప్పుడు ఇచ్చే మొత్తం) 4.81 శాతం కింద 19,240, వేరియబుల్ (పనితీరుని బట్టి ఇచ్చేది) 80,000 అనుకుందాం. ఈ మూడూ నెల జీతంలో రావు. మిగిలింది 6,52,760. అందులో మీ వాటా పీఎఫ్ ఇంకో 48,000, ప్రొఫెషనల్ ట్యాక్స్ నెలకి 200 చొప్పున 2,400 పోతే 6,02,360. నెలకి చేతికొచ్చేది 50 వేల పైన కొంచెం. కాబట్టి హెచ్‌ఆర్‌ని అడగాల్సింది "సీటీసీ ఎంత" అని కాదు, "ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత, పోయినేడు వేరియబుల్ ఎంత శాతం ఇచ్చారు" అని. జాయినింగ్ బోనస్ ఉంటే ఎన్ని నెలల్లోపు మానేస్తే వెనక్కి కట్టాలో కూడా.

లైన్ మారేటప్పుడు పెద్ద హైక్ ఆశించొద్దు, అదే జీతానికి వెళ్లినా మంచి బేరమే. కొంచెం తగ్గినా ఫర్వాలేదు, కానీ ఎంత తగ్గితే ఇల్లు నడవదో ఆ అంకె ఇంట్లో కూర్చుని ముందే రాసుకోండి. అద్దె, ఈఎంఐలు, ఫీజులు, ఊరికి పంపేది, చిట్టీ. ఆరు నెలల ఖర్చు పక్కన ఉంటే ధైర్యంగా బేరమాడొచ్చు. హోమ్ లోన్ తీసుకునే ఆలోచన ఉంటే అది మారకముందే తేల్చుకోవడం మేలు, కొత్త ఉద్యోగంలో మొదటి నెలల్లో బ్యాంకులు సణుగుతాయి.

డబ్బడిగారంటే అది ఉద్యోగం కాదు

బ్యాక్‌డోర్ (ఇంటర్వ్యూ లేకుండా దొడ్డిదారిన ఉద్యోగం) అని లక్ష, రెండు లక్షలు, రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, టెలిగ్రామ్‌లో టాస్కులు, అన్నీ ఒకటే. విదేశాల్లో డేటా ఎంట్రీ అని కాంబోడియా, మయన్మార్ తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన కేసుల్లో మన తెలుగు కుర్రాళ్లు చాలామంది ఇరుక్కున్నారు, 2024లో విశాఖ పోలీసులు దానిమీద కేసులు పెట్టి ఏజెంట్లని పట్టుకున్నారు. గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు ఏజెంటు ఈమైగ్రేట్‌లో (విదేశీ ఉద్యోగాలకి కేంద్ర ప్రభుత్వ పోర్టల్) రిజిస్టర్ అయ్యాడో లేదో చూడాలి, సర్వీసు ఛార్జీ 30 వేలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకి పంపుతుంది. డబ్బు ఇప్పటికే పంపేసి ఉంటే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

రిజైన్ చెయ్యడం

ఆఫర్ లెటర్ చేతికి రాకుండా, "ఆల్మోస్ట్ ఫైనల్ అండీ" అన్న మాట మీద, రాజీనామా చెయ్యకండి. లెటర్ కంపెనీ సొంత మెయిల్ డొమైన్ నుంచి రావాలి, జీతం విడదీసి ఉండాలి, జాయినింగ్ తేదీ ఉండాలి. నోటీస్ 90 రోజులైతే బయౌట్ (మిగిలిన రోజులకి డబ్బు కట్టి ముందే వెళ్లడం) ఉందా, ఎవరు కడతారు అనేది ఆ లెటర్ ఒప్పుకోకముందే అడగండి. రాజీనామా మెయిల్‌లోనే పెట్టండి, చివరి పనిదినం తేదీ రాయండి, ఒప్పుకున్నట్టు జవాబు వచ్చాక దాన్ని పర్సనల్ మెయిల్‌కి పంపుకోండి.

బాండ్ రాసినవాళ్లు "బాండ్లు కోర్టులో చెల్లవులే" అన్న మాట నమ్మొద్దు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో, మూడేళ్లు కాకముందే మానేసినందుకు 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. ప్రతి బాండూ చెల్లుతుందని కాదు, కాగితం చదువుకోవాలని.

ప్రైవేటు కాలేజీ వాళ్లకి ఇంకో చిక్కుంది, ఒరిజినల్ సర్టిఫికెట్లు చాలాచోట్ల మేనేజ్‌మెంట్ దగ్గర ఉంటాయి. మారాలనే ఆలోచన రాగానే, రిజైన్ మాట ఎత్తకుండానే, ఏదో ఒక పనికి కావాలని అడిగి తెచ్చుకోండి. ఇవ్వకపోతే మీ సర్టిఫికెట్లు తమ దగ్గరున్నట్టు రాతపూర్వకంగానైనా తీసుకోండి. విద్యాసంవత్సరం మధ్యలో మానేస్తే జీతం ఆపే చోట్లు కూడా ఉన్నాయి కాబట్టి వేసవి సెలవుల దగ్గరికి జాయినింగ్ వచ్చేలా చూసుకుంటే గొడవ తక్కువ. పీఎఫ్ కట్టని చోట పనిచేసి ఉంటే అనుభవానికి రుజువు బ్యాంకు స్టేట్‌మెంటూ అపాయింట్‌మెంట్ లెటరూ సర్వీసు సర్టిఫికెట్టే, వాటిని ముందే పోగుచేసుకోవాలి.

గ్రాట్యుటీ టీచర్లకి రాదని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. వస్తుంది. 2009లో చట్టాన్ని సవరించి ప్రైవేటు విద్యాసంస్థల టీచర్లకి కూడా 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తింపజేశారు, 2022లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఐదేళ్లు నిండితే లెక్క ఇది: చివరి బేసిక్, డీఏ కలిపి దాన్ని 15తో గుణించి 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. బేసిక్ 25,000, ఎనిమిదేళ్లు అయితే 1,15,384 రూపాయలు. అడగకపోతే చాలాచోట్ల ఎవరూ గుర్తుచెయ్యరు, రాతపూర్వకంగా అడగండి.

చేరాక మొదటి రెండు నెలల్లో కాగితాల పని

పీఎఫ్ డబ్బు డ్రా చెయ్యకండి, కొత్త ఖాతాకి ట్రాన్స్‌ఫర్ పెట్టండి. మొత్తం సర్వీసు ఐదేళ్లు కాకుండా తీస్తే పన్ను పడుతుంది, పెన్షన్‌కి కావాల్సిన పదేళ్ల సర్వీసు లెక్క కూడా తెగిపోయే ప్రమాదం ఉంది. పాత కంపెనీ మీ ఎగ్జిట్ తేదీ వెయ్యకపోతే, వాళ్లు చివరిసారి పీఎఫ్ కట్టిన రెండు నెలల తర్వాత యూఏఎన్ పోర్టల్‌లో మీరే "మార్క్ ఎగ్జిట్" చేసుకోవచ్చు.

ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ మామూలుగా చివరి పనిదినంతో ఆగిపోతుంది. రెండు ఉద్యోగాల మధ్య వారం పది రోజుల ఖాళీ ఉన్నా, అమ్మానాన్నలు ఆ పాలసీలో ఉంటే గనక, అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వీలు ఉందేమో మానేసే ముందే కనుక్కోవాలి.

ఆర్థిక సంవత్సరం మధ్యలో మారినవాళ్లు పాత చోట వచ్చిన జీతం, కోసిన టీడీఎస్ (జీతంలోంచి ముందే పట్టుకునే పన్ను) వివరాలు కొత్త కంపెనీకి తప్పక ఇవ్వాలి. ఇవ్వకపోతే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ (జీతంలో పన్ను లెక్కలోకి రాని భాగం), పన్ను లేని శ్లాబు రెండుచోట్లా లెక్కేసి టీడీఎస్ తక్కువ కోస్తారు, జూలైలో రిటర్న్ వేసేటప్పుడు ఆ తేడా అంతా ఒకేసారి, వడ్డీతో సహా, మీరే కట్టాల్సి వస్తుంది.